బండ లేని తీరంలో రాళ్ల చదువు

విశాఖ, భీమిలి తీరాల్లో అలలు బండలకు కొట్టుకుంటాయి. సూర్యలంకలో బండ అన్నదే కనబడదు. బాపట్ల నుంచి 9 కిలోమీటర్లు వస్తే సరుగుడు తోటలు, ఆ పైన ఇసుక, ఆ పైన సముద్రం. రాళ్లను గుర్తుపట్టడం నేర్చుకోవడానికి ఇంతకంటే పనికిరాని చోటు ఉండదనిపిస్తుంది. నన్నడిగితే మొదటి పాఠం ఇక్కడే మొదలుపెట్టాలి. బండలో ఒకదానికొకటి అతుక్కుని ఉండే ఖనిజాలు ఇక్కడ గింజ గింజగా విడిపోయి ఉన్నాయి. సుత్తి పని నదులు చేసిపెట్టాయి.

గుప్పెడు పొడి ఇసుక తెల్లకాగితం మీద పరిచి, భూతద్దంతో చూస్తే చాలు. గాజుముక్కల్లా కనిపించేవి పలుగురాయి, అంటే క్వార్ట్జ్. కాస్త పాలిపోయి, చదునైన ముఖం మీద తళుక్కుమనేవి ఫెల్‌స్పార్. పలుగుకు అలాంటి చదును ముఖాలుండవు, వంకరగా పగులుతుంది. ఈ ఒక్క తేడా పట్టుబడితే సగం చదువు అయినట్టే. గులాబీ, ఎరుపు గింజలు గార్నెట్. రేకులుగా మెరిసేది అభ్రకం. నల్లవాటిలో ఇల్మనైట్, మాగ్నటైట్ రెండూ ఉంటాయి, కంటికి తేడా తెలియదు.

వాటిని విడదీసేది అయస్కాంతం. పాత స్పీకరులోది చాలు, ప్లాస్టిక్ కవరు చుట్టి ఇసుకలో తిప్పాలి (కవరు లేకపోతే అంటిన గింజలు మళ్లీ ఊడవు). ఎగిరొచ్చి పట్టుకునేవి మాగ్నటైట్, శుద్ధ ఇనుప ఆక్సైడ్. ఇల్మనైట్‌లో ఇనుముతో పాటు టైటానియం ఉంటుంది, మామూలు అయస్కాంతానికి అంతగా లొంగదు. ఈ నల్లగింజ నుంచే గోడలకు వేసే తెల్ల రంగు పొడి తయారవుతుంది.

తీరంలో నల్ల ఇసుక చారలు ఎందుకు పడతాయో చెప్పేది బరువు. నీటికంటే పలుగు 2.65 రెట్లు, ఇల్మనైట్ దాదాపు 4.7 రెట్లు బరువు. అల చేసేది చేటలో చెరిగే పనే: తేలికైన పలుగును వెనక్కు లాక్కుపోతుంది, బరువైన నల్లగింజ అక్కడే నిలుస్తుంది. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ లాంటి తుఫాన్లు ఈ చెరుగుడును ఒక్క రాత్రిలో ముగిస్తాయి. ఇలాంటి ఇసుకలో మోనజైట్ కూడా ఉండొచ్చు, అందులో థోరియం ఉంటుంది. అందుకే మన దేశంలో తీరపు ఇసుక ఖనిజాల మీద అణుశక్తి శాఖ కన్నుంటుంది.

ఇదంతా ఎక్కడిది? కృష్ణ మహాబలేశ్వరం దగ్గర పుట్టి దక్కను లావా రాళ్ల మీదుగా నడుస్తుంది, నల్లమలను కోసుకుని, పల్నాడు సున్నపురాయిని తాకి, బెజవాడ దగ్గర తూర్పు కనుమల కొండల మధ్య నుంచి బయటపడుతుంది. గార్నెట్ ఎక్కువగా ఆ కనుమల్లోని ఖోండలైట్ నుంచి వస్తుంది. 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఖోండు ప్రజల పేరు ఆ రాతికి పెట్టాడు. దక్షిణాన గుండ్లకమ్మ తెచ్చిన ఇసుకనూ తీరపు ప్రవాహాలు ఇటు నెడతాయి. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు ఆపినప్పటి నుంచి కృష్ణ తెచ్చే మట్టి, ఇసుకల్లో చాలాభాగం జలాశయాల్లోనే ఆగిపోతోంది. ఈ పాఠ్యపుస్తకానికి కొత్త పేజీలు తగ్గిపోయాయి.

గింజ చదివాక బండ చదవడం తేలిక. కొత్తవాళ్లు ముందు రంగు చూస్తారు, రంగే మోసం చేస్తుంది. పలుగు తెలుపు, గులాబీ, ఊదా, పొగ రంగుల్లో దొరుకుతుంది. గీత మాత్రం అబద్ధమాడదు. మెరుపు లేని టైలు వెనకవైపు రుద్దితే, పైకి నల్లగా ఉన్న హెమటైట్ కూడా ఎర్రగీత పెడుతుంది, మాగ్నటైట్ నల్లగీతే పెడుతుంది. తరవాత గట్టిదనం. 1812లో ఫ్రెడరిక్ మోస్ వేసిన పది మెట్ల వరసలో గోరు రెండున్నర, చాకు ఐదున్నర దగ్గర, పలుగు ఏడు. చాకు గీసినా గీత పడని, చదును ముఖాలు లేని తెల్లరాయి గాజును గీస్తే, అది పలుగనుకోవచ్చు.

మూడోది ఆమ్లం. సూర్యలంకలో ఏరిన ఆల్చిప్పను పొడి చేసి నిమ్మరసం పిండితే సన్నగా బుడగలొస్తాయి. ఆల్చిప్ప, పిడుగురాళ్ల సున్నపురాయి, అమరావతి శిల్పాల రాయి, మూడూ కాల్షియం కార్బొనేటే. అమరావతి శిల్పాలను చలువరాయి అన్నవాళ్లున్నారు, అది పల్నాడు సున్నపురాయే. వంటగట్టు మీద పరిచిన కడప రాయిదీ అదే జాతి, అందుకే చింతపండు పులుసు ఒలికితే మరక దిగిపోతుంది. చీమకుర్తి గెలాక్సీ పలకకు ఆ బెడద లేదు. దాన్ని గ్రానైట్ అని అమ్ముతారు గాని, అది గాబ్రో జాతి: నల్లనేల మీద మెరిసే రాగి చుక్కలు బ్రాంజైట్, పలుగు దాదాపు ఉండదు. కొట్టువాడు ఆమ్లం చుక్క వేయనివ్వడు, అంచు మీద చాకు మొన ఆనించి చూస్తే మాత్రం కాదనడు. గీత పడితే అది గ్రానైటూ కాదు, గెలాక్సీ కూడా కాదు.