మూడో ముడి పడ్డాక

పదిహేడేళ్ల పిల్ల ఒంటరిగా ఒక ప్రభువు ఇంటికి వెళ్తుంది. ఆయన వయసు ముప్పై అయిదు. ‘మా అక్కను వదిలేసి నన్ను చేసుకోండి’ అని అడుగుతుంది. అక్క మనసు ఇంకొకరి మీద ఉంది, ఇంటికేమో డబ్బున్న అల్లుడు కావాలి. ఈ పిల్లకేమో నత్తి, దట్టమైన కనుబొమలు. అవి దాచదు సరికదా, పెళ్లయ్యాక మీ జోలికి రానని మాట కూడా ఇస్తుంది. ఇంగ్లీషు రచయిత్రి జార్జెట్ హేయర్ 1934లో రాసిన ‘ద కన్వీనియెంట్ మ్యారేజ్’ ఇలా ఎత్తుకుంటుంది.

ప్రేమకథలు చాలావరకు పెళ్లిపీటల దగ్గర ఆగిపోతాయి. అవసరం కొద్దీ జరిగిన పెళ్లి కథ అక్కణ్ణుంచే నడవాలి. ఎడబాటు లేదు, పెద్దలు కాదనరు, ఇద్దరూ ఒకే కప్పు కింద. మరి కథకు అడ్డేది? హేయర్ మర్యాదను అడ్డు పెట్టింది. ‘ఏప్రిల్ లేడీ’ (1957)లో భార్యకు భర్తంటే ప్రాణం. అయినా, ప్రేమంటూ మొగుణ్ణి విసిగించకని తల్లి చెప్పి పంపింది. అతనేమో డబ్బు కోసం చేసుకుందనుకుంటాడు. గౌను తాలూకు బాకీ ఒకటి ఆమె దాచడంతో ఆ అనుమానం ముదురుతుంది. మన ‘మిస్సమ్మ’ (1955) సినిమాలో అయితే పెళ్లి కూడా లేదు, ఉద్యోగం కోసం మొగుడూ పెళ్లాల నటన. చిక్కు మాత్రం అదే: పక్కనే ఉండీ నోరు విప్పకపోవడం.

హేయర్ నవలల్లో డబ్బు లెక్కలు అంత పక్కాగా ఉండటానికి కారణముంది. ఇంగ్లండులో 1870, 1882 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టాలు వచ్చేదాకా, ముందే పత్రాలు రాసుకోకపోతే భార్య చేతి సొమ్ము భర్తదే. అందుకే పెద్దింటి సంబంధమంటే లాయర్లు దిగేవారు. కట్నాల బేరాలు చూసిన మనకు ఈ ఘట్టాలు విడమరచి చెప్పక్కర్లేదు.

నా ఓటు మాత్రం 1961 నాటి ‘ఎ సివిల్ కాంట్రాక్ట్’కే. స్పెయిన్‌లో నెపోలియన్ సేనలతో పోరాడిన ఆడమ్‌కు తండ్రి నుంచి వచ్చింది బిరుదూ, అప్పులూ. ప్రేమించిన అందగత్తె జూలియాను వదులుకుని, లండన్ వర్తకుడు చౌలీ కూతురు జెన్నీని చేసుకుంటాడు. జెన్నీది సాదా రూపం, బొద్దు మనిషి. కథ ఎక్కువగా ఆడమ్ కళ్లతోనే సాగుతుంది; జెన్నీ ప్రేమ అతనికి కనిపించదు. ఏ వంట ఇష్టమో, ఏ మాట నొప్పిస్తుందో ఆమె గమనించి మసలుకోవడంలో మనకు ముందే దొరుకుతుంది. పాఠకుడికి తెలిసి నాయకుడికి తెలియకపోవడమే ఇక్కడి పనితనం. చౌలీ మామ కానుకల జడివాన ఒకటి, నవ్వూ జాలీ కలిసొస్తాయి.

కథ చివర, 1815లో వాటర్లూ దగ్గర నెపోలియన్ చేతిలో ఓడిపోయామని లండన్‌లో పుకారు. ప్రభుత్వ బాండ్లు అమ్మేయమంటాడు మామ. బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్‌ను నమ్మిన పాత సైనికుడు ఆడమ్ అమ్మడానికి బదులు కొంటాడు, గెలుస్తాడు. ఇక మామగారి డబ్బు అక్కర్లేదు. పెళ్లికి కారణమే పోయింది, పెళ్లాం మిగిలింది. ఇంత చల్లటి ముగింపా అని నిరాశపడే పాఠకులున్నారు. జూలియా మీది ప్రేమ ఉత్త భ్రమ అని హేయర్ కొట్టిపారేయదు. ఆ మెరుపు ఆడమ్‌కు గుర్తే, కాకపోతే ఇంటికి రాగానే వెతికేది జెన్నీని.