ఆరు రేకుల ముగ్గు, ఐదు రేకుల వేప

నాలుగేళ్ల పిల్లకి పలకా బలపం ఇచ్చి పువ్వు వెయ్యమంటే ఏం వేస్తుందో చూడకుండానే చెప్పొచ్చు. నడుమ ఒక సున్నా, చుట్టూ చిన్న సున్నాలు, కింద ఒక కాడ, కాడకి అటొకటి ఇటొకటి ఆకులు. అమెరికాలో రోడా కెల్లాగ్ అనే ఆవిడ లక్షల కొద్దీ పిల్లల బొమ్మలు పోగుచేసి, 1969లో వెలువరించిన పుస్తకంలో ఇలాంటి బొమ్మల పుట్టుక చూపించింది. పిల్లలు ముందు పిచ్చిగీతలు గీస్తారు. తర్వాత సున్నా చుడతారు, దాని మీద అడ్డగీత, నిలువుగీత వేస్తారు. ఆ పైన సున్నా బయటికి గీతలు లాగి సూర్యుణ్ణి చేస్తారు. ఆ సూర్యుడి వెనకే పువ్వూ వస్తుంది. అంటే అది చెట్టు చూసి వేసింది కాదు, చేతికి అబ్బింది. నాలుగేళ్లకి అదే ముద్దు. ఎనిమిదేళ్లొచ్చినా అదే వేస్తుంటే మాత్రం, పెద్దవాళ్లెవరూ కూర్చోబెట్టి పువ్వు చూపించలేదన్నమాట.

చెయ్యి తిప్పడం నేర్పడానికి మనకి ముగ్గు ఉంది. ముగ్గుపిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి వదలాలి. చెయ్యి ఆగితే అక్కడ కుప్ప పడుతుంది, తొందరపడితే గీత తెగుతుంది. పెన్సిలు నేర్పని నిదానం ఇక్కడ వస్తుంది. పైగా తప్పయితే కాలితో చెరిపేసి మళ్లీ వెయ్యొచ్చు. కాగితం పాడయిందన్న బెంగ లేదు. చిన్నపిల్లకి పిండి జారవిడవడం రాకపోతే తడి ఇసుకలో వేలితో వేయించినా సరే.

మొదటి పువ్వుకి 3 చుక్కలు, పైనా కిందా సందు చుక్క 2 చొప్పున చాలు. మొత్తం 7 చుక్కలు. నడిమి చుక్క నుంచి చుట్టూ ఉన్న ఒక్కో చుక్కకీ రెండేసి వంపు గీతలు కలిపితే ఆరు రేకుల పువ్వు సిద్ధం. సరి చుక్కలు 3, 3 వరసలు పెడితే ఎనిమిది రేకులొస్తాయి, మూలలకి వెళ్లే నాలుగూ కాస్త పొడుగ్గా. ఈ పొడుగు తేడా పిల్లలే కనిపెడతారు, మనం నోరు మూసుకుని ఉంటే.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. వరసగా పెట్టిన చుక్కల్లో ఎంత తిప్పలు పడ్డా సమానమైన ఐదు రేకులు రావు. సందు చుక్కలు ఆరు దిక్కులు చూపిస్తాయి, సరి చుక్కలు నాలుగో ఎనిమిదో. గణితమే ఒప్పుకోదు. వసంతంలో మన చుట్టూ ఉండే పువ్వులేమో ఐదు మీద నడుస్తాయి. వేపకి ఐదు రేకులు, బూరుగకి ఐదు, ముద్దపువ్వు కాని గన్నేరుకీ నందివర్ధనానికీ ఐదు, మామిడి పూతకి మామూలుగా ఐదు. ముగ్గులో చెయ్యి కుదిరిన పిల్ల అందుకే వేప పువ్వుకి కూడా ఆరు రేకులు పెట్టేస్తుంది. దాన్ని తప్పని దిద్దకండి, లెక్కపెట్టమనండి చాలు. పరదేశంలో పెరిగే మన పిల్లలకి ఈ చిక్కు తక్కువ. అమెరికాలో చాలాచోట్ల ఉగాది రోజులకి విచ్చుకునే డాఫొడిల్‌కీ ట్యులిప్‌కీ ఆరేసి రేకులు. అమ్మమ్మ 7 చుక్కల ముగ్గు అక్కడి పువ్వుకి అతికినట్టు సరిపోతుంది.

ఐదు రేకులకి చుక్కల బదులు మనిషి బొమ్మ పనికొస్తుంది. తల, చాచిన రెండు చేతులు, ఎడంగా పెట్టిన రెండు కాళ్లు. ఆ ఐదు గీతల చుట్టూ రేకులు కడితే ఐదూ సమంగా సర్దుకుంటాయి. ఉగాది పచ్చడికి వేపపువ్వు దులిపేటప్పుడు ఓ రెబ్బ పక్కన పెట్టి, భూతద్దం చేతికివ్వండి. సన్నటి తెల్ల రేకులు వెనక్కి వంగి ఉంటాయి. నడుమ కేసరాలన్నీ కలిసిపోయి తెల్లటి గొట్టంలా నిలబడతాయి. ఈ గొట్టం చూశాక పిల్ల ఇక నడుమ ఉత్త సున్నా చుట్టదు. తెల్ల పువ్వుకి తెల్ల కాగితం ఇచ్చి విసిగించడం మన బళ్లలో మామూలే. వేపకి నల్ల పలక, తెల్ల బలపమే మేలు.

నందివర్ధనంలో చూడాల్సింది వేరు. రేకులన్నీ ఒకే వైపుకి తిరిగి ఉంటాయి. మొదటి రేకు ఎటు వాలితే మిగతావీ అటే. ఇది కుంచెతో హాయిగా వస్తుంది. గుండ్రటి కుంచెని రంగులో ముంచి, మొన ఆనించి, పొట్ట దాకా నొక్కి, పక్కకి తిప్పుతూ ఎత్తితే ఒక రేకు. గీత గీసి లోపల రంగు నింపడం అనే పని అసలు ఉండదు. మామిడి పూతకి మాత్రం రేకుల జోలికి పోవద్దు. ఎర్రటి కాడ, దానికి కొమ్మలు, వాటి మీద వేలి కొసతో లేతపసుపు చుక్కలు. కొంచెం దూరం నుంచి చూస్తే అదే పూత.

ముగ్గూ, చూసి గీయడమూ ఒకదానికొకటి అడ్డు అనుకునేవాళ్లున్నారు. శాంతినికేతన్ కళాభవన్‌లో బొమ్మలు నేర్పిన చిత్రకారుడు నందలాల్ బోస్ అలా అనుకోలేదు. నేల మీద వేసే ఆల్పనకీ, ఆరుబయట చెట్లని చూసి గీయడానికీ ఆయన దగ్గర చోటుండేది. మన డ్రాయింగు పుస్తకాల్లో చుక్కలు కలిపే పేజీలైతే ఉన్నాయి, చెట్టు దగ్గరికి పంపే పేజీయే లేదు.

మోదుగ పువ్వు గీయడం పిల్లకి ఏడెనిమిదేళ్లు దాటాకే. ఇది చక్రంలో ఇమిడే పువ్వు కాదు, పక్క నుంచే చూడాలి. రేకులు ఇక్కడా ఐదే. ఒకటి వెడల్పుగా వెనక్కి విచ్చుకుంటుంది, రెండు చెరో పక్కన ఉంటాయి, మిగిలిన రెండూ అతుక్కుని చిలక ముక్కులా వంగుతాయి. రేకులతో మొదలుపెడితే బొమ్మ చెడుతుంది. ముందు అడుగున నల్లటి మఖమల్ లాంటి తొడుగు వెయ్యాలి, దాన్నుంచి ఒక్క ఊపులో ముక్కు వంపు లాగాలి, తక్కినవి దాని చుట్టూ చేరతాయి. మోదుగ పూసేనాటికి ఆకులన్నీ రాలి ఉంటాయి కాబట్టి ఆకుపచ్చ రంగు డబ్బా మూసే ఉంచొచ్చు. కింద రాలిన పువ్వులు ఏరి నీళ్లలో మరిగిస్తే పసుపూ నారింజా కలిసిన నీళ్లు దిగుతాయి. హోలీకి వాడే ఆ నీళ్లే వడకట్టి, కుంచె ముంచి కాగితం మీద వెయ్యొచ్చు. ఒక పూత ఆరాక ఇంకో పూత వేస్తే రంగు చిక్కబడుతుంది.