చిట్టా చెరగని లెక్క
(పీఠిక)

ఉప్పాడ పేరు వినగానే 2009లో భౌగోళిక సూచిక గౌరవం పొందిన జాందానీ చీరా, ఏటేటా ఒడ్డును కోసుకొనిపోయే కడలీ స్ఫురించడం సహజం. ఆ ఊరి నేత కుటుంబంలో జన్మించి, ఇంటింటికీ అంతర్జాలం అందించే కేబుల్ వృత్తిలో స్థిరపడిన ఈ గ్రంథకర్త, నెట్‌వర్క్‌లో ప్రవహించే సమాచార పరిమాణాన్ని కొలిచి, ఆ కొలతను డేటాబేసులో పదిలపరచి, దాని ఆధారంగా బిల్లు నిర్ణయించే విధానాన్ని సాంగోపాంగంగా తెలుగులో రచించి నా ముందుంచినప్పుడు, ఇది ఆ ప్రాంతానికి అనువంశికంగా చెందవలసిన విద్యయే అనిపించింది.

ఉప్పాడకు పొరుగైన పిఠాపురం సమీపాన ఉన్న నవఖండవాడ, రాజరాజనరేంద్రుని దానంగా పావులూరి వారికి సంక్రమించిన అగ్రహారమని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. ఆ వంశంలోని మల్లన, 9వ శతాబ్దంలో అమోఘవర్షుని కాలాన మహావీరాచార్యుడు సంస్కృతంలో వెలయించిన గణితసారసంగ్రహాన్ని తెనిగించి, వడ్డీలూ వాటాలూ బంగారు వన్నెలూ గుణించే శాస్త్రం తెలుగు పద్యంలో నిస్సంకోచంగా ఒదుగుతుందని నిరూపించాడు. వ్యవహార గణితాన్ని దేశభాషలోకి తెచ్చిన ఆ మహనీయుని బాటలోనే ఈ గ్రంథాన్ని నిలపడానికి నేను సందేహించను.

ఇందలి ప్రధాన ప్రతిపాదన ఒక్కటే: బిల్లుకు మూలమైన తొలి కొలత యథాతథంగా నిలిచి ఉండాలి. పూర్వం వర్తకుల ఇళ్లలో నాటి వ్యవహారం నాడు రాసే చిట్టా వేరు, దానినుండి పద్దులవారీగా ఎత్తిరాసే ఆవర్జా వేరు. ఆవర్జాలో తేడా వస్తే చిట్టా తిరగేసేవారే గాని, చిట్టాను చెరిపి ఆవర్జాకు సరిపెట్టేవారు కారు. రూటరు కౌంటరు చూపిన అంకె, చూపిన క్షణం, ఏ పోర్టుదన్న వివరం చిట్టా. వినియోగమూ రుసుమూ ఆవర్జా. ఈ రెండింటికీ వేర్వేరు పట్టికలుండాలనీ, మొదటిదానిలో దిద్దుబాటుకు ఎవరికీ అధికారం ఉండరాదనీ గ్రంథకర్త విధించిన నియమం నాకు శిరోధార్యం.

ఈ నియమం ఎందుకు అవసరమో తెలియాలంటే పరికరాల చరిత్ర కొంత తెలియాలి. ఇంగ్లండులోని డి మాంట్‌ఫర్ట్ విశ్వవిద్యాలయానికి 64 కిలోబిట్ల లైను ఒక్కటే బయటి ప్రపంచానికి దారిగా ఉన్న రోజుల్లో, దాని ఒత్తిడిని అందరికీ కనబరచడానికి టోబియాస్ ఓటికర్ ఎంఆర్‌టీజీ అనే సాఫ్ట్‌వేరును నిర్మించాడు. 1999లో కొలతలను నిల్వచేసే ఆర్ఆర్‌డీటూల్‌ను వెలువరించాడు. ఇవి పాతబడిన కొలతలను సగటులుగా కుదించి, నిల్వ పెరగకుండా కాపాడతాయి. పటం గీయడానికి అది ప్రశస్తమైన ఉపాయం, బిల్లుకు మాత్రం ప్రమాదం. సగటులో కరిగిపోయిన కొలతను ఎవరూ తిరిగి తీయలేరు. ఆర్ఆర్‌డీ ఫైలునుండే రుసుము గట్టే వాడుకను గ్రంథకర్త నిర్మొహమాటంగా ఖండించడం సర్వథా సమంజసం.

పెద్ద చందాదారులకు వర్తించే 95వ పర్సెంటైల్ పద్ధతిలో ఈ సంగతి మరింత తేటపడుతుంది. ఐదు నిమిషాలకొక కొలత చొప్పున రోజుకు 288, ముప్పై రోజుల నెలకు 8,640 కొలతలు. వాటిని పరిమాణక్రమంలో పేర్చి, పైనున్న 432 విడిచిపెట్టి, మిగిలినవాటిలో గరిష్ఠమైనదానికి ధర కడతారు. అంటే ముప్పై ఆరు గంటల ఉద్ధృతికి మన్నింపు లభిస్తుందన్నమాట. సగటులే మిగిలితే ఈ గణన అసాధ్యం. అందని కొలతను సున్నాగా రాసినా లెక్క చెడుతుంది. రూటరు పలకకపోవడం వేరు, ప్రవాహం లేకపోవడం వేరు. ఇంత చిన్న విషయానికి ఒక పూర్తి ప్రకరణం కేటాయించిన శ్రద్ధను నేను విశేషంగా మెచ్చుకొన్నాను.

కౌంటర్ల చర్చ మరింత లోతైనది. 32 బిట్ల కౌంటరు 4,294,967,296 వద్ద తిరిగి సున్నాకు చేరుతుంది. గిగాబిట్ వేగం నిండుగా సాగితే అందుకు సుమారు 34 సెకన్లు చాలు. ఐదు నిమిషాలకొకసారి చూసేవాడికి అది ఎన్ని చుట్లు తిరిగిందో తెలిసే ఉపాయం లేదు గనుక 64 బిట్ల కౌంటర్లు అనివార్యం. ఇళ్ల కనెక్షన్ల సెషన్లను నమోదు చేసే రేడియస్ లెక్కల్లోనూ ఇదే చిక్కు: బైట్ల సంఖ్యతోబాటు, ఎన్ని చుట్లు పూర్తయ్యాయో చెప్పే గిగావర్డ్స్ అంకెను కలపకపోతే ఒక్కొక్క చుట్టుకు నాలుగు జీబీలకు పైగా లెక్క తప్పుతుంది. కరెంటు పోయి, సెషను ముగింపు కబురు సర్వరుకు చేరనప్పుడు, మధ్యమధ్య వచ్చి చేరిన కబుర్లే దిక్కు. తుఫానుల తీరంలో పనిచేసినవాడు గనుకనే గ్రంథకర్త ఈ ఘట్టాన్ని ఇంత నిశితంగా రాయగలిగాడు.

ఈ విద్య నేడు గోదావరి సీమకు అత్యావశ్యకం. 2016 చివర కోనసీమలోని మోరి గ్రామానికి ఫైబరు చేరింది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌గ్రిడ్‌ను ప్రారంభించారు. విద్యుత్ స్తంభాల వెంట సాగిన ఆ తీగను గడపలోకి చేర్చేవారు స్థానిక కేబుల్ ఆపరేటర్లే. నెలాఖరున చందాదారునికి జవాబు చెప్పవలసినవారూ వారే. వారి చేతికి తెలుగులో ఇటువంటి గ్రంథం అందడం నాకు పరమానందం.

ఒక్క విన్నపం. చందాదారుడు ఎంత వాడాడన్నదే బిల్లుకు కావాలి గాని, ఏమి చూశాడన్నది కాదు. సేవాదాతలు అనుసంధాన వివరాలను రెండేళ్లు భద్రపరచాలని 2021 డిసెంబరులో టెలికాం శాఖ లైసెన్సు నిబంధనలను సవరించింది. ఆ నిల్వను బిల్లుల డేటాబేసుతో కలపకుండా వేరుగా ఉంచే పద్ధతిని ఈ గ్రంథం రెండు పుటల్లోనే ముగించింది. మలికూర్పులో అది స్వతంత్ర ప్రకరణంగా విస్తరించాలని కోరుతున్నాను.