బాధకు అర్థము: యోబు వాదము, గబ్బిలము విన్నపము

క్రైస్తవము బాధను మాఱుమాటాడక సహింపుమని మాత్రమే బోధించునను అభిప్రాయ మొకటి తఱచుగా వినవచ్చుచుండును. యోబు గ్రంథము నెదుట ఈ అభిప్రాయము నిలువదని మా తలంపు.

నీతిమంతుడైన యోబు సంపదను, సంతానమును, ఆరోగ్యమును కోల్పోయెను. ఓదార్ప వచ్చిన ఎలీఫజు, బిల్దదు, జోఫరు అను మిత్రులు ఏడు దినములు మౌనముగా అతనిచెంత కూర్చుండిరి. ఆ మౌనమే వారి ఉత్తమమైన ఓదార్పు. నోరు విప్పినపిదప వారి తర్కమిది: బాధ పాపఫలము, యోబు బాధపడుచున్నాడు, కావున యోబు పాపి. యోబు దీని నంగీకరింపక దేవునితోనే వాదింప బూనెను. దేవుడు సుడిగాలినుండి అతనిని గద్దించెనే కాని బాధకు కారణము చెప్పలేదు. అయినను తన్నుగూర్చి యుక్తముగా పలికినది యోబే యనియు, మిత్రులు కారనియు తీర్పు చెప్పెను.

కడపట యోబునకు సంపద రెండింతలుగా లభించినది కదా, పుణ్యమునకు ప్రతిఫలమను పాతలెక్కయే తిరిగి వచ్చినది కదా యని ఆక్షేపింపవచ్చును. కాని 42వ అధ్యాయమున తీర్పు ముందు, సంపద వెనుక. యోబు నిర్దోషిత్వము అతడు బూడిదలో నుండగనే స్థిరపడినది.

యోహాను సువార్త 9వ అధ్యాయమునను ఇదియే ధోరణి. పుట్టుగ్రుడ్డివానిని జూచి పాపమెవరిదని శిష్యులడుగగా, అతనిదిగాని తలిదండ్రులదిగాని కాదని క్రీస్తు చెప్పి, చూపు నొసగెను. ఆ క్రీస్తే సిలువపై, తన్ను విడనాడుట యెందులకని దేవుని నడిగెను. నిర్దోషియు బాధపడుననుటకు, ప్రశ్నించుట అవిశ్వాసము కాదనుటకు ఇంతకంటె ప్రమాణము వలదు.

ఈ దృష్టితో గుఱ్ఱం జాషువ (1895–1971) రచనలను పరిశీలింపవలసియున్నది. ఆయన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. కాని మన ప్రశ్నకు సమీపమైనది 1941 నాటి ‘గబ్బిలము’. ఆలయప్రవేశము లేని అస్పృశ్యుడు, ఆలయమున వ్రేలాడు గబ్బిలముద్వారా కాశీశ్వరునికి విన్నపము పంపును. తన దైన్యమునకు కర్మమే హేతువని చెప్పువారి మాట నతడు నమ్మడు. ఆ కర్మమేమో ఈశ్వరునిచేతనే ఋజువు చేయింపుమనును. యోబు మిత్రుల తర్కమును యోబు త్రోసివైచినట్లే ఇతడును త్రోసివైచుచున్నాడు.

ఇంతమాత్రమున ‘గబ్బిలము’ క్రైస్తవకావ్యము కాదు, విన్నపము శివునికే. యోబు బాధకు కారణము మానవబుద్ధి కందనిది. ఇతని బాధకు కారణము మనుష్యులే. ఈ భేదమును విస్మరింపరాదు. అయినను ఉభయత్ర బాధితుడు దైవమును వీడక, దైవముపేర చెప్పబడిన అసత్యమును వీడుచున్నాడు. విశ్వాసము బాధకొసగు ప్రథమార్థ మిదియే: బాధ నేరమునకు సాక్ష్యము కాదు. సహనమును గూర్చిన బోధ ఈ సత్యమును అంగీకరించిన తరువాతనే తగును.