పద్దూ పశ్చాత్తాపమూ

ఒకే ఓడ గురించి రెండు కాగితాలు. రెండూ ఒకే ఇంటివి, ఇప్పుడు ఒకే ఊళ్లో వేర్వేరు భాండాగారాల్లో ఉన్నాయి. ఒకటి చిట్టా, మరొకటి ఉత్తరం. రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే తప్ప ఏ ఒక్కటీ పూర్తి సాక్ష్యం చెప్పదు.

ఊరు రోడ్ ఐలాండ్‌లోని ప్రావిడెన్స్. ఇల్లు బ్రౌన్ అన్నదమ్ములది: నికొలస్, జోసెఫ్, జాన్, మోజెస్. అమెరికా ఇంకా బ్రిటిష్ వలసగా ఉన్న రోజుల్లో వీళ్లు తిమింగిలాల తల నూనెతో కొవ్వొత్తులు చేయించారు, ఇనుము కరిగించారు, ఓడలు నడిపారు. 1764 సెప్టెంబరులో వీళ్ల ‘శాలీ’ ఓడ పదిహేడు వేల గ్యాలన్లకు పైగా రమ్ము, కొవ్వొత్తులు, ఉల్లిపాయలు వేసుకుని పశ్చిమ ఆఫ్రికాకు బయల్దేరింది. సరుకు ఇచ్చి మనుషుల్ని కొనడం పని. కెప్టెన్ ఈసెక్ హాప్కిన్స్.

ఆ ప్రయాణపు చిట్టా జాన్ కార్టర్ బ్రౌన్ లైబ్రరీలో ఉంది. దాని శైలి ఏ కొట్టు చిట్టాకైనా ఉండేదే: తేదీ, ఇచ్చింది, పుచ్చుకుంది. ఇన్ని గ్యాలన్ల రమ్ముకు ఒక మనిషి. కొన్నాళ్లకు పద్దుల తీరు మారుతుంది. ఒక పిల్ల చనిపోయింది, ఒక మగవాడు చనిపోయాడు అని రాస్తూ, పక్కన చావుల వరస సంఖ్య వేసుకుంటూ పోయాడు హాప్కిన్స్. ఒక స్త్రీ ఉరి వేసుకుంది. 1765 ఆగస్టులో బందీలు తిరగబడితే కాల్పుల్లో ఎనిమిది మంది పోయారు. కొన్నది 196 మందిని. పోయినవాళ్లు 109 మంది. ఇందులో జాలి మాట ఒక్కటీ లేదు, సమర్థించుకునే మాటా లేదు. నష్టం లెక్క తప్పకూడదనే జాగ్రత్తే ఈ చావులను మన దాకా తెచ్చింది.

ఇక ఉత్తరం. అది రోడ్ ఐలాండ్ హిస్టారికల్ సొసైటీలోని మోజెస్ బ్రౌన్ పత్రాల్లోది. అన్నదమ్ముల్లో చిన్నవాడైన మోజెస్ భార్య పోయిన 1773లోనే తన బానిసల్ని విడిచిపెట్టి, మరుసటి ఏడు క్వేకర్ మతంలో చేరాడు. 1783లో ఊళ్లోని మరో వర్తక సంస్థ బానిస వ్యాపారానికి ఓడ పంపబోతోందని తెలిసి, వద్దని రాశాడు. తానూ ‘శాలీ’లో వాటాదారునేననీ, జీవితంలో మరే పనీ తన మనసు మీద ఇంత మచ్చ మిగల్చలేదనీ ఒప్పుకున్నాడు. చిట్టాకు చేతకానిది ఉత్తరం చేసింది: జరిగినదాన్ని తప్పు అంది.

అయితే ఆ వాక్యాల మధ్యలో ఉన్నది ఎవరు? మోజెస్. అతని మనసు, అతని మచ్చ, అప్పుడే ఎవరైనా హెచ్చరించి ఉంటే బాగుండేదన్న అతని విచారం. చచ్చిపోయినవాళ్లు ఆ మచ్చకు కారణంగా మాత్రమే కనిపిస్తారు. చిట్టాలో వాళ్లు అంకెలు. ఉత్తరంలో పాపం బరువు. ఈ పశ్చాత్తాపానికి హద్దూ ఉంది. 1790లో శామ్యూల్ స్లేటర్ చేత పాటకెట్‌లో నూలు మిల్లు పెట్టించింది ఈ మోజెసే. అక్కడ వడికిన పత్తి బానిసలు పండించినది. అలాగని ఉత్తరాన్ని బూటకం అనలేం. తన డబ్బు సంగతి తెలిసిన తోటి వర్తకులకు, తన పేరు పెట్టి, తన తప్పు చెప్పుకోవడం చిన్న విషయం కాదు. 2003లో, ఈ ఇంటి పేరు మోసే బ్రౌన్ విశ్వవిద్యాలయ అధ్యక్షురాలు రూత్ సిమన్స్ వేసిన సంఘం 2006 నివేదికలో ఈ చరిత్రను బయటపెట్టినప్పుడు లెక్కలకు చిట్టా, తీర్పుకు ఉత్తరం రెండూ కావలసి వచ్చాయి.

రెంటిలోనూ లేనివి బందీల పేర్లు. రాసే అలవాటు లేక కాదు. 1773 నాటి మోజెస్ విముక్తి పత్రంలో పేర్లున్నాయి, వయసులతో సహా. యజమాని హక్కు వదులుకున్న చోటే మనిషికి పేరు దక్కింది. ఆ పేర్లలో ఒకటి సీజర్, యజమానులు సరదాకు పెట్టే పేరు. ఇంకొకటి కుడ్జో. పశ్చిమ ఆఫ్రికాలో అప్పటి గోల్డ్ కోస్ట్‌లోని ఆకాన్ ప్రజలు సోమవారం పుట్టిన మగబిడ్డకు పెట్టుకునే పేరది. బ్రౌన్ వారి కట్టల కొద్దీ కాగితాల్లో, వాళ్ల అంగీకారం అక్కర్లేకుండా, ఏదో ఒక ఇంట్లో బిడ్డ పుట్టిన వారం ఇప్పటికీ నిలిచి ఉంది.