ఆనీ మూర్‌కి రెండు కథలు

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే లిబర్టీ విగ్రహంతోబాటు ఎల్లిస్ ఐలండ్ కూడా చూపించడం మనకి అలవాటు. అక్కడ ఒక ఐరిష్ అమ్మాయి కంచు విగ్రహం ఉంది. పేరు ఆనీ మూర్. 1892 జనవరి 1న ఆ వలస కేంద్రం తెరిచిన రోజు అందరికంటే ముందు అడుగుపెట్టింది ఆమే. అప్పటికే న్యూయార్క్ చేరిన తల్లిదండ్రుల దగ్గరికి, ఇద్దరు తమ్ముళ్ళని వెంటబెట్టుకుని కార్క్ నుంచి నెవాడా అనే ఓడలో వచ్చింది. అధికారులు ఆమె చేతిలో పది డాలర్ల బంగారు నాణెం పెట్టారు.

ఆ నాణెం పుచ్చుకున్నాక ఆమె ఏమైంది? దీనికి రెండు కథలున్నాయి. ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి చదవాలని నా ప్రయత్నం.

మొదటి కథ చాలా ఏళ్ళు చలామణీ అయింది. ఆనీ టెక్సస్ వెళ్ళింది, ఐర్లండ్ మహానాయకుడు డేనియల్ ఒకానెల్ వంశంవాణ్ణి పెళ్ళాడింది, 1923లో ట్రాము ఢీకొని చనిపోయింది. కథగా వంక పెట్టడానికి లేదు. దూరప్రయాణం, పెద్దింటి సంబంధం, కంటతడి పెట్టించే ముగింపు, అన్నీ ఉన్నాయి. ఆ టెక్సస్ కుటుంబాన్ని ఉత్సవాలకి పిలిచి గౌరవించారు కూడా. వాళ్ళు అబద్ధమాడలేదు, ఇంట్లో విన్నది నమ్మారు, అంతే.

మెగన్ స్మోలెన్యాక్ అనే వంశచరిత్ర పరిశోధకురాలు పాత జనాభా లెక్కలు తిరగేస్తే, టెక్సస్ ఆనీ ఇల్లినాయ్‌లో పుట్టినట్టు తేలింది. ఇక్కడే పుట్టిన మనిషి ఐర్లండ్ నుంచి ఓడెక్కి ఎలా వస్తుంది? 2006లో ఆమె వెయ్యి డాలర్ల బహుమతి ప్రకటించింది. కొద్ది వారాల్లోనే, ఆనీ తమ్ముడు ఫిలిప్ పౌరసత్వ పత్రం ఆధారంగా అసలు మనిషి జాడ దొరికింది.

అసలు ఆనీ ఎక్కడికీ వెళ్ళలేదు. మన్‌హాటన్‌లోని లోయర్ ఈస్ట్ సైడ్ ఇరుకు వాటాల్లోనే బతికింది. జర్మన్ వలస కుటుంబానికి చెందిన, ఫుల్టన్ చేపల మార్కెట్‌లో పనిచేసే అతన్ని చేసుకుంది. పదిమందికి పైగా పిల్లల్ని కని, చాలామందిని చిన్నతనంలోనే పోగొట్టుకుంది. 1924లో గుండెజబ్బుతో పోయింది. క్వీన్స్‌లో ఆమె సమాధికి 2008 వరకూ పేరు చెక్కిన రాయి కూడా లేదు.

మొదటి కథని అంతకాలం ఎవరూ ఎందుకు నిలదీయలేదు? కాగితాలు దొరకవని సరిపెట్టుకోలేం. ఐర్లండ్‌లో నిజంగానే 1922లో డబ్లిన్ రికార్డుల ఆఫీసు తగలబడి, ఎన్నో తరాల వివరాలు బూడిదయ్యాయి. కానీ ఆనీ కాగితాలు అమెరికాలో భద్రంగానే ఉన్నాయి. వెతకాలని ఎవరికీ తోచలేదు. వలస వచ్చినవాళ్ళు పడమటికి సాగి పైకొస్తారన్నది ఈ దేశానికి ఇష్టమైన కథ. టెక్సస్ ఆనీ అందులో చక్కగా ఇమిడిపోయింది. చేపల మార్కెట్ ఆనీ ఇమడదు. అయితే ఆమె సంతతిలో ఇప్పుడు ఐరిష్, యూదు, ఇటాలియన్, స్కాండినేవియన్ ఇంటిపేర్లవాళ్ళున్నారు. ఏ కథకుడికీ తట్టని ముగింపు అది. నా దృష్టిలో రెండో కథే గొప్ప కథ.

మనకీ ఒక బంగారు నాణెం ఉంది. "జేబులో ఎనిమిది డాలర్లతో దిగాను" అన్న మాట మన సభల్లో ఎన్నిసార్లు వినలేదు! అప్పటి విదేశీ మారకద్రవ్యం నిబంధనల వల్ల అది చాలామందికి నిజమే. చిక్కల్లా ఏమిటంటే, ఆ ఎనిమిది డాలర్ల నుంచి కథ ఒక్క గంతులో పెద్ద ఇంటి దగ్గర వాలుతుంది. మధ్యలో ఏమైందో పిల్లలకి చెప్పం.

నేనూ అంతే. మా పిల్లలకి చెప్పిన కథలో నా ఉద్యోగం పోయిన ఎనిమిది నెలలు లేవు. ఆ రోజుల్లో మా ఆవిడ ఇరుగుపొరుగు పిల్లల్ని చూసుకుని ఇల్లు నడిపిన సంగతి అసలే లేదు. ఆ డబ్బుకి రసీదుల్లేవు. రేపు మా మనవలు ఎన్ని రికార్డులు వెతికినా ఆమె పడ్డ కష్టం ఎక్కడా దొరకదు. దాన్ని రాయవలసింది మేమే.

ఈ సంచిక రాగానే ఇంట్లో ముందు చదివేది ఆవిడే. తప్పులుంటే దిద్దమని ఈసారి నేనే అడుగుతాను.