బొమ్మ బస్సుకు డిపో పేరు

భద్రాచలం బస్టాండులో జనం బస్సు ఎక్కేముందు దాని పక్కటెముకలు చదువుతారు. ముందున్న బోర్డు ఊరి పేరు చెబుతుంది, పక్కన రాసిన మాట టికెట్టు సంగతి చెబుతుంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆ రాష్ట్రపు ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. సూపర్ లగ్జరీ అయితే డబ్బులివ్వాల్సిందే. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇలాంటి పథకమే వచ్చింది, కాకపోతే అది అక్కడి వాళ్లకు. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రాలో కలిశాక చాలా వైపుల ఈ ఊరి పొలిమేర దాటితే చాలు, రాష్ట్రం మారిపోతుంది. చర్ల వెళ్లే రోడ్డయితే మధ్యలో ఎటపాక దగ్గర ఆంధ్రాలోకి వెళ్లి మళ్లీ తెలంగాణలోకి వస్తుంది. “అమ్మా, ఇది ఆంధ్రా బండి, టికెట్టు పడుద్ది” అని కండక్టరు నోరు తెరిచేలోపే రంగు చూసి కాలు వెనక్కి తీసుకునేవాళ్లు ఇక్కడ బోలెడుమంది.

అలాంటి రంగునీ రాతనీ ఫోమ్ షీటు మీదికి దించే కుర్రాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. ఆర్టీసీ బస్సును ఇరవై నాలుగో వంతుకు కుదించి, సీట్లతో, నిచ్చెనతో, అద్దం తుడిచే వైపర్లతో సహా చేస్తారు. కొనుక్కుందామంటే ఆర్టీసీ బస్సు కిట్టు దుకాణంలో దొరకదు. ప్రతిదీ చేత్తో కోసుకోవాల్సిందే. ఎవరో నేర్పితే వచ్చే విద్య కూడా కాదు, ఒకరు చేసింది చూసి ఇంకొకరు పట్టుకుంటున్నారు.

కొలతలతో మొదలుపెడదాం. డిపోలోకి టేపు పట్టుకెళ్తే వాచ్‌మన్ ఊరుకోడు. అందుకని బస్సును నేరుగా పక్క నుంచి, కాస్త దూరం జరిగి ఫొటో తీస్తారు. చక్రమే కొలబద్ద. వెయ్యి-ఇరవై సైజు టైరు మీటరు కంటే కాస్త ఎక్కువ ఎత్తుంటుంది, ఫొటోలో దాన్ని కొలిస్తే మిగతాదంతా లెక్కకొస్తుంది. మన ఆర్టీసీలు విరివిగా వాడిన అశోక్ లేలాండ్ వైకింగ్ ఛాసిస్‌లో ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం 222 అంగుళాలు. బొమ్మలో అది ఇరవై మూడున్నర సెంటీమీటర్లవుతుంది. పదకొండు మీటర్ల బస్సు నలభై ఆరు సెంటీమీటర్ల లోపు తేలుతుంది, అంటే బల్ల మీద మూరెడు.

పక్క గోడలకు మూడు మిల్లీమీటర్ల ఫోమ్ షీటు, అడుగుకు అయిదు మిల్లీమీటర్లది. కిటికీలన్నీ ముందే కోసేయాలి. గోడ నిలబెట్టాక కోద్దామనుకుంటే కమ్మీ విరుగుతుంది. బ్లేడు ఒక్క లాగుకే తెగాలని నొక్కితే అంచు నలుగుతుంది, మూడు నాలుగు సార్లు తేలిగ్గా గీయాలి. ముందు మూతి దగ్గర షీటు వంగాలంటే లోపలి వైపు సన్నగా గాట్లు పెట్టి హెయిర్ డ్రయర్‌తో వెచ్చచేస్తారు. అద్దాలకు ఓహెచ్‌పీ షీటు. టైర్లకు పాత హవాయి చెప్పుల రబ్బరు. అతకడానికి ఫెవిక్విక్ పనికొస్తుంది, కానీ థర్మాకోల్ మీద అదే వేస్తే షీటు కరిగి గుంట పడుతుంది, స్ప్రే రంగు కూడా అంతే. మొదటిసారి చేసేవాళ్లు చవగ్గా దొరుకుతుందని థర్మాకోల్ తెచ్చుకుని ఇక్కడే బోల్తా పడతారు.

విడి ముక్కలు చేసి అతికే పని మనకు కొత్త కాదు. మధిర నుంచి ఎంతో దూరం లేని కొండపల్లిలో తెల్ల పొణికి కర్రను ముక్కలుగా చెక్కి చింతపిక్కల మక్కుతో అతుకుతారు. ఎడ్లబండి అక్కడ మామూలు బొమ్మ. అయితే కొండపల్లి బండికి సొంతదారు ఉండడు, అది ఏ ఊరి బండైనా కావచ్చు. బస్సు బొమ్మకు అలా కుదరదు. ‘ఖమ్మం - భద్రాచలం, వయా కొత్తగూడెం, పాల్వంచ’ అని బోర్డు పడేదాకా అది ఉత్త డబ్బా.

బొమ్మకు ఫలానా బండి అన్న గుర్తింపు ఉండాలన్న సంగతిని అమెరికాలో కార్లమ్మేవాళ్లు ఎప్పుడో పసిగట్టారు. 1948లో మొదలైన ఏఎంటీ అనే కంపెనీ ఫోర్డు డీలర్ల కోసం ఇరవై అయిదో వంతు కార్లు చేసిచ్చేది. ఆ ఏడాది షోరూములో ఉన్న కారు ఏ రంగుల్లో వచ్చిందో బొమ్మా అవే రంగుల్లో ఉండేది. నాన్న కారు బేరమాడుతుంటే పిల్లాడి చేతిలో బొమ్మ పెట్టేవాళ్లు. ఆ అచ్చులతోనే 1958 నుంచి విడిభాగాల కిట్లు పెట్టెల్లో పెట్టి అమ్మారు. తొలినాళ్ల బొమ్మల ప్లాస్టిక్ ఏళ్లు గడిచేకొద్దీ వంకర తిరిగిపోయింది. అయినా వంకర పోయిన ఆ కార్లకీ గిరాకీ ఉంది, ఎందుకంటే ఏ ఏడాది డీలరు ఏ రంగు అమ్మాడో చెప్పే సాక్ష్యం అదే.

డీలర్ల పేర్ల గొడవ మన రోడ్ల మీదా నడిచింది. పాత తరం డ్రైవర్లకు ఫార్గో లారీ తెలుసు, డాడ్జ్ తెలుసు, డిసోటో తెలుసు. మూడూ ఇంచుమించు ఒకటే బండి. ప్లిమత్ కార్లమ్మే డీలర్లకూ అమ్ముకోవడానికి ఒక లారీ ఉండాలని క్రైస్లర్ కంపెనీ వాడుకున్న పేరు ఫార్గో. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఆ పేర్లన్నిటితోనూ బండ్లు చేసింది. నా ఉద్దేశంలో ఫార్గో బొమ్మ చేసేవాడు రేకు వంపుల కన్నా ముక్కు మీది అక్షరాలకే ఎక్కువసేపు కేటాయించాలి. అవి తీసేస్తే అది డాడ్జ్.

ఆర్టీసీకి డీలరు లేడు, డిపో ఉంది. నిజాం సంస్థానంలో 1932 జూన్‌లో 27 బస్సులతో మొదలైన రవాణా శాఖ, 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ అయింది. నంబరు ప్లేటు మీది ‘జడ్’ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం జ్ఞాపకమని చెప్పుకుంటారు. ఆ ప్లేటు చూసి బొమ్మ ఏ కాలపు బస్సో చెప్పేయొచ్చు. ఏపీ 20 జడ్ అంటే ఉమ్మడి రాష్ట్రపు ఖమ్మం బండి. రాష్ట్రం విడిపోయాక టీఎస్ 04. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడితే దానికి 28. 2024 మార్చి నుంచి టీజీ. టీజీ ప్లేటు పెట్టి పక్కన ఏపీఎస్ఆర్టీసీ చక్రం గుర్తు అతికించిన బొమ్మ ఎంత నున్నగా ఉన్నా తప్పు బొమ్మే.

అసలు కష్టం అక్షరాల్లో ఉంది. ఇప్పుడు ‘పల్లెవెలుగు’ అని వినైల్ మీద ప్రింటు తీసి అంటించడం అయిదు నిమిషాల పని. డీటీపీ షాపులో ‘అను’ ఫాంట్లలో ఒకటి ఎంచుకుంటే బస్సు పెళ్లి శుభలేఖలా తయారవుతుంది. పాత బస్సుల మీది రాత డిపో పెయింటరుది. కుంచె ఎత్తకుండా తిప్పిన గుండ్రం, తలకట్టు దగ్గర కాస్త లావు, చోటు చాలక చివరి అక్షరం నొక్కుకుపోవడం, ఇవన్నీ ఏ ఫాంటులోనూ లేవు. శ్రద్ధ ఉన్నవాళ్లు ఫొటోను కోరల్‌డ్రాలో పెట్టి అక్షరం చుట్టూ గీత గీసుకుని ఆ ఆకారాన్నే ప్రింటు తీస్తారు. ‘స్త్రీలకు మాత్రమే’ అన్న చిన్న రాతకే ఒక సాయంత్రం పోతుంది. రెండు డిపోల పెయింటర్లు ఒకే మాటను ఒకేలా రాయలేదని ఆ పని చేస్తేనే తెలుస్తుంది. వాళ్ల చేతిరాతను ఏ కార్యాలయమూ దాచిపెట్టినట్టు లేదు. మిగిలేది ఈ బొమ్మల మీదే.

మురికికీ ఊరుంటుంది. చర్ల, వెంకటాపురం తిరిగొచ్చిన బస్సుకు కింది భాగమంతా మట్టి రంగు పడాలి. ఇటుక పొడిని గుడ్డలో జల్లించి, పొడి కుంచెతో చక్రాల వెనక నుంచి పైకి పూస్తే సరిపోతుంది. మణుగూరు బస్సుకు అది పనికిరాదు. సింగరేణి లారీల వెనక నడిచే బండికి బొగ్గు దుమ్ము కావాలి, అదీ కిటికీ కమ్మీల కింద ఎక్కువ. కొత్త రంగు మీద మురికి చల్లడానికి చెయ్యి రాక చాలామంది బొమ్మను షోరూము బండిలా వదిలేస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ ఒక్క ట్రిప్పూ తిరగని బస్సని తెలిసిపోతుంది.

చెయ్యాలనుకునేవాళ్లు ముందుగా బస్సు వెనక వైపు ఫొటోలు తీసిపెట్టుకోండి. ముందు భాగం ఫొటోలు ఎక్కడైనా దొరుకుతాయి, వెనక భాగం ఎవరూ తీయరు. పైకెక్కే నిచ్చెనకు మెట్లెన్ని, అది కుడివైపా ఎడమవైపా, అత్యవసర ద్వారం గడియ ఎలా ఉంది, అద్దె బస్సయితే బాడీ కట్టినవాళ్ల పేరు ఏ మూల ఉంది అన్నవి అక్కడే కనిపిస్తాయి. బస్సు ప్లాట్‌ఫాం నుంచి వెనక్కి వచ్చేటప్పుడు తీస్తే ఎండ సరిగ్గా పడుతుంది. డ్రైవరుకు అడ్డం మాత్రం నిలబడకండి.